గేటు కాడ నిలబడ్డ మనిషి

నాకు చెప్పకపోతివి, సరే. ముప్పై ఏండ్లు ఒక్క ఇంట్ల ఉండి ఒక్క మాట అనకపోతివి, అది గూడ సరే. కని సోఫియాకు చెప్తవా శంకరమ్మా? పోయి పోయి, పుస్తకాలు రాసే పిల్లకు చెప్తవా?

గట్ల చూడకు. నువ్వు పోయి మూడేండ్లాయె. పొద్దుగాల చాయ్ పెట్టుకొని నీ ఫోటో ముందట కూసుంట, టమాట ధర చెప్త, మోకాళ్ల నొప్పి చెప్త. రోజూ వింటవు గదా. ఇవ్వాల గూడ వినాలె. చాయ్ చల్లారితే చల్లారనియ్.

నిన్న ఆబిడ్స్‌ల మీటింగ్ అయింది. సోఫియా పుస్తకం మీటింగ్. గన్‌ఫౌండ్రీల టీచరమ్మ బిడ్డ, మర్చిపోతవా నువ్వు? తల్లిని దవాఖానల చేర్చినప్పుడు నెల దినాలు నీ చేతి బువ్వ తిన్నది. తర్వాత కాలేజీకి పోయేటప్పుడు గూడ ఆదివారం ఆదివారం వచ్చేది. ఉల్లిగడ్డలు కోసుకుంట ఇద్దరు గుసగుసలు పెట్టేటోళ్లు. నేను లోపలికొస్తే మాట బంద్. ఆడోళ్ల ముచ్చట్లేమో అనుకున్న. నాకేం తెలుసు.

ఇప్పుడు బొంబాయిల ఉంటది, పెద్ద పేరొచ్చింది. సొంతూరుల పుస్తకం మీటింగ్ పెడ్త, అమ్ముడుపోయినదంత శంకరమ్మత్త బువ్వ బండికే ఇస్త అన్నది. దవాఖాన ఎదురుంగ మనోళ్లు పేషెంట్ల వెంట వచ్చినోళ్లకు ఇంక ఎండల, వానల నిలబడే వడ్డిస్తున్నరు గదా, ఒక షెడ్డు వెయ్యాలె అన్నది. నా కడుపు నిండింది. నువ్వుంటే నువ్వు గూడ గట్లనే అనుకుందువు.

తెల్లంగి ఇస్త్రీ చేయించిన. ఔ, నువ్వు కొన్నదే. జానకమ్మ ఆటోల తీస్కపోయింది. నువ్వు పోయినంక గరిటె పట్టింది ఆమెనే, అది గూడ నీ గరిటెనే... గా ముచ్చట ఇప్పుడెందుకు.

హాలు నిండ జనం. లక్డీకాపూల్ ఆఫీసులోళ్లు, లెక్చరర్లు, పొల్లగాండ్లు. నన్ను ముందటి వరుసల కూసోబెట్టిన్రు. శాలువ కప్పిన్రు. 'శంకరమ్మ గారి భర్త పోచయ్య గారు' అని మైకుల చెప్తే చప్పట్లు కొట్టిన్రు. నాంపల్లి స్టేషన్ల పార్సిల్ మూటలు మోసినోన్ని నేను, నాకు చప్పట్లేంది? అయినా గానీ మంచిగనిపించింది. అబద్ధమెందుకు.

అటెంక సోఫియా పుస్తకం తెరిచి ఒక అధ్యాయం చదివింది.

పేరు మార్చింది నీది. నాది గూడ మార్చింది. నన్ను పోస్టాఫీసుల బంట్రోతును చేసింది. మన బిడ్డ సునందను మూడేండ్ల మగపిల్లగాన్ని చేసింది. ఎవ్వరికి అనుమానం రాదు. మొదలు నాకే రాలే. ఎవరో బీదోళ్ల కథ అనుకొని వింటున్న, తల ఊపుకుంట.

గంతల, గేటు కాడ నిలబడ్డ మనిషి చంకల పేపర్ల చుట్టిన బన్ను రొట్టె ఉన్నది అని చదివింది.

నా తల ఆగింది.

ఆ రొట్టె సంగతి ఎవ్వరికి తెల్వదు శంకరమ్మా. నాకు తప్ప. గట్లనే అనుకున్న.

నీకు నేనేం చెప్పిన్నో నీకు యాదికుంటది. బిడ్డకు మెదడు జ్వరమని చేర్చినం. నాలుగో దినం పొద్దుగాల డాక్టర్ సాబ్ ఇగ ఇయ్యాల దాటదు అన్నడు. నేను ఒకపాలి డ్యూటీల మొఖం చూపెట్టి వస్త అని పోయిన. వచ్చేసరికి పొద్దు గూకింది. బిడ్డ మీద తెల్లబట్ట కప్పి ఉన్నది. 'సూపర్‌వైజర్ సెలవియ్యలేదే' అన్న. నువ్వు నా మొఖం దిక్కు ఒకసారి చూసి, బిడ్డ కాళ్లకు బట్ట సర్దినవ్.

సెలవిచ్చిండు. ఇచ్చుడేంది, తిట్టిండు గూడ. 'బిడ్డ కన్న మూటలెక్కువనా నీకు, ముందు పో' అని వెళ్లగొట్టిండు. గసొంటి మనిషిని ముప్పై ఏండ్లు చుట్టాలల్ల, వాడకట్టుల చెడ్డోన్ని చేసిన. మా అక్క ఆయన వంశాన్నే తిట్టిపోసింది. నువ్వు మాత్రం ఒక్కనాడు తిట్టలే. కన్నతల్లివి, ఒక్కనాడు తిట్టలే. గప్పుడన్న నాకు సమజ్ కావాల్నా వద్దా?

నడుచుకుంట దవాఖానకొచ్చిన. నువ్వు పొద్దటి నుంచి ఏం తినలేదని రొట్టె కొన్న. గేటు దాక వచ్చిన. ఆడ కాళ్లు ఆగినయ్. వెనకకు తిరిగి పబ్లిక్ గార్డెన్‌కు పోయి, బెంచి మీద కూసున్న. పొద్దు గూకే దాక కూసున్న. నా పక్కపొంటి ఎవరో కాలేజీ పిల్లలు నవ్వుకుంట ఫోటోలు దిగిన్రు. రొట్టె ఆడనే ఉన్నది. దాన్ని తినలే, ఎవ్వరికియ్యలే.

ఇది నాకు తెలిసిన కథ. సోఫియా చదివింది, నాకు తెల్వనిది. పుస్తకంల మగపిల్లగాడే, నాకు మాత్రం మన బిడ్డనే ఇనబడ్డది.

వరండాల కిటికీ కాడ కూసున్న తల్లి, గేటు దిక్కు చూసిందట. మొగన్ని గుర్తువట్టిందట. బిడ్డను లేపి భుజానేసుకొని, 'అగో, మీ నాయిన వస్తుండు బిడ్డా, చూడు' అన్నదట. బిడ్డ కండ్లు తెరిచిందట. గేటు దిక్కే చూసిందట. మనిషి కనబడకుండ పోయినంక గూడ తల్లి అన్నదట, పండ్లు కొననీకి పోయిండు, ఇప్పుడొస్తడు అని. బిడ్డ కండ్లు మూసే దాక అంటనే ఉన్నదట.

పక్కనున్న పేషెంటు తాలూకు ముసలవ్వ, తన టిఫిన్ల బువ్వ రెండు ముద్దలు బలవంతంగ ఆ తల్లి నోట్ల పెట్టిందట. 'పేషెంట్‌కు లోపల పెడ్తరు, వెంట వచ్చినోళ్లను ఎవలు చూస్తరు బిడ్డా' అన్నదట. బువ్వ బండి అట్ల పుట్టిందట.

నాకేం చెప్పినవ్ నువ్వు? బండి ఎందుకే అంటే, దేవునికి మొక్కిన అని చెప్పినవ్.

నా వెనక ఎవరో ఆమె ముక్కు చీదుతున్నది. నా పక్కన రవిచంద్ర గారని, మీటింగ్ జరిపే పెద్దమనిషి, నా చెవుల మెల్లగ అన్నడు, 'ఇట్లాంటి తండ్రి ఉంటడా పోచయ్య గారూ' అని.

నేనేమన్న? ఉండడు సార్ అన్న.

అటెంక నన్ను స్టేజీ మీదికి పిలిచిన్రు. రెండు ముక్కలు చెప్పుమన్నరు. ముసలోడని ఇద్దరు చెయ్యి పట్టుకొని ఎక్కించిన్రు. నేను ఎప్పుడు చెప్పేదే చెప్పిన. మా బిడ్డ పోయినంక నేను, శంకరమ్మ ఇద్దరం కలిసి అనుకున్నం, ఇద్దరం కలిసి మొదలువెట్టినం అని. మల్ల చప్పట్లు. సోఫియా ఒక్కతే కొట్టలే. తల వంచుకొని నేల చూస్తున్నది.

మీటింగ్ అయినంక మెట్ల కాడ ఆమెను ఆపిన. కోపం ఆగలే నాకు. నీకు బువ్వ పెట్టిన ఇల్లు ఇది, గిట్ల చేస్తవా అన్న.

'రాయమన్నది అత్తనే మామా,' అన్నది. 'మామ పోయినంక రాస్త అన్న నేను. వద్దు, ఆయన ఉండంగనే రాయి అన్నది. ఎప్పటికన్న నోరిప్పుతడని చూసిన, ఇప్పలే అన్నది.'

గంతే. ఆటో ఎక్కమన్నరు, ఎక్కలే. ఆబిడ్స్ నుంచి నడుచుకుంట ఇంటికొచ్చిన.

నువ్వు అడగొచ్చు గదా శంకరమ్మా. 'యాడికి పోయినవయ్యా' అని ఒక్క మాట. తిట్టొచ్చు. చెంప మీద ఒక్కటి ఇయ్యొచ్చు. మీ అమ్మగారింటికి పోవచ్చు. ఏం చెయ్యకుంట, రోజూ పళ్లెం పెట్టి, బువ్వ వడ్డించి, మంచినీళ్లు ముందట పెట్టి... నాకు జ్వరమొస్తే రాత్రంత కూసున్నవ్ గదా, అప్పుడేమనుకున్నవ్? నా కండ్లల్లకు చూసుకుంట ఏమనుకున్నవ్? నేను దాచిన్ననుకున్న. దాచింది నువ్వు. నేను ఒక్కదినం ముచ్చట దాచిన, నువ్వు జిందగీ మొత్తం దాచినవ్. ఎవరిది ఎక్కువ మోసం, చెప్పు.

చెప్పవు. నీకు అలవాటే.

నేను చెప్పొచ్చు కదా అంటవా? ఔ. చెప్పొచ్చు. ఎన్నిసార్లు నోటి దాక వచ్చిందో నీకేమెరుక. నువ్వు బియ్యం ఏరుకుంట కూసుంటే వచ్చి నిలబడేటోన్ని. ఏందయ్యా అంటే, ఏం లేదు, చాయ్ పెట్టు అనేటోన్ని. నువ్వు నేను చెప్తనని చూసినవ్. నేను నువ్వు అడుగుతవని చూసిన. ఇద్దరం చూసుకుంటనే ముసలోళ్లమైనం.

పొద్దుగాల అద్దాలు పెట్టుకొని ఆ అధ్యాయం మిగిలింది చదివిన. సోఫియా స్టేజీ మీద చదవని పేజీ ఒకటున్నది. అందుల ఆ తల్లి అంటది, 'గేటుకు, కిటికీకి మధ్యల శాన దూరం. ఎండ గూడ కండ్లల్ల కొడుతుండె. ఆయనకు మేం కనబడ్లేదేమో' అని. ఇది కల్పించింది కాదు, నీ మాటనే. నీ మాట నేను గుర్తుపట్టనా?

అంత చేసి, లాస్ట్‌కు నాకు అది విడిచిపెట్టినవ్. కనబడ్లేదేమో అని. ఏమో అని.

దాన్ని పట్టుకొని నేను బతకొచ్చు. ఇంకెన్నేండ్లుంట, రెండో మూడో. కని నీ ముందట కూసుంటే, కనబడలే అననీకి నోరు రాదు శంకరమ్మా. అందుకే చెప్తున్న, విను.

కనబడ్డరు. ఇద్దరు కనబడ్డరు. నీ భుజం మీద తల పెట్టి బిడ్డ నా దిక్కు చెయ్యి ఎత్తింది. నేను దగ్గరికొస్తే అది పోతదని, రాకుంటే ఉంటదని నా భయం. పిచ్చి బుగులు. నేను గూడ చెయ్యి ఎత్తబోయిన, సగం దాక ఎత్తిన. మల్ల దించి, వెనకకు తిరిగిన.