బైరప్ప పేరు మీద నెత్తురు

2005 వేసవి. పుంగనూరు బస్టాండు. మదనపల్లె టమాటా మండీలో వేలం పాడే బైరప్ప, ఆయన పెండ్లాం బయ్యమ్మ కుప్పం బస్సు కోసం కూర్చోనుండారు.

“నెత్తురు పరీక్షలో అరవై ఎనిమిదంట. ఇరవై లోపల ఉండాల్సిందంట. నువ్వేమో శెనిక్కాయలు నములుతాండావు.”

“ఆకలైతాది మే.”

“గట్టిగా మాట్లాడు, ఇనపడలే.”

“గొంతు దాసుకుంటాండా.”

“నెల్లాళ్లుగా దాసుకుంటానే ఉండావు. పోయినేడు గొంతులో క్యాన్సరని కరెంటు పెట్టినప్పుడు గూడా ఇట్ల గుసగుసలాడలే. మానిపోయింది, ఇంక మండీలో పాట పాడుకో అని కుప్పం డాక్టరే చెప్పె గదా.”

“సెప్పినాడులే.”

“ఇంకోటి గూడా సెప్పినాడు. ఈఎస్సార్ అని, సీఆర్పీ అని రెండు పరీక్షలు రాసిచ్చినాడు. అవి నెత్తురులో వాపు గుర్తులంట. పెరిగితే వట్టి జొరమైనా కావచ్చు, గొంతు రోగం మళ్లా తలెత్తిందేమోనని గూడా సూసుకోవాల అన్నాడు. ఇదిగో, రెండూ పెరిగె. ఏమప్పా, నేను ఏడుస్తాంటే నువ్వు నవ్వుతాండావా?”

“నవ్వలే. శెనిక్కాయ పొట్టు అడ్డం పడింది.”

“నెత్తురిచ్చిన పొద్దు నీకు జొరముండెనా?”

“నాకేం జొరం?”

“సూది యాడ గుచ్చినారు?”

“చేతికే.”

“ఏ చేతికి?”

“మే, బస్సొచ్చెనేమో సూడు.”

“అది చౌడేపల్లె బస్సు. ఏ చేతికప్పా?”

“సరే, సరే. ఇంక ఏడవద్దు. ఆ అరవై ఎనిమిది నాది కాదు.”

“మరెవరిది?”

“మీ తమ్ముడిది.”

“పాపన్నదా!”

“అరవద్దు, ఆ సోడా అంగడి కాడే ఉండాడు. నా పేరు చెప్పి ఇచ్చిరాపో అని పంపిస్తి. రేషనంగడి కాడ ఒకరి బదులు ఒకరు నిలబడేది లేదా?”

“కిరసనాయిలు, నెత్తురు ఒకటేనా నీకు?”

“పాట టైమైంది మే. మండీలో లోడ్లన్నీ నిలబడిపోయి…”

“ఆ పొద్దు మండీకి సెలవు.”

“సెలవా?”

“సెలవు. ఇప్పుడు చెప్పు.”

“భయమేసింది బయ్యమ్మా.”

“సూదికా?”

“సూదికేంది! ఆ అంకెకు. అది పెరిగిందంటే మళ్లా కరెంటు, మళ్లా గొట్టంలో గంజి. ఈసారి గొంతే తీసేస్తారేమో. పాట లేని బైరప్పను మండీలో ఎవురు పిలుస్తారు? తెలీకుంటే ఇంకొన్నాళ్లు నెమ్మదిగా బతకొచ్చు గదా అనుకుంటి.”

“గుసగుసలాడతా?”

“ఊ.”

“ఇటు సూడు. నాకు అంతా ఎప్పుడో తెలుసు.”

“ఏం తెలుసు?”

“ల్యాబులో నెత్తురు తీసే కృష్ణమ్మ అడిగె. ‘ఏమక్కా, మీ ఆయనకు బుగ్గ అంత వాచిందే, పన్ను చూపించలేదా?’ అని. ఇంటికొచ్చి నీ బుగ్గ సూస్తే లొట్ట పోయుండాది.”

“మరి ఇంతసేపు ఏడిస్తివే!”

“నీ నోటితోనే చెప్పించాలని. మొన్న మండీలో షుగర్ క్యాంపు పెట్టినారే, అందరి ముందర పరువు పోతాదని చెయ్యి చాపితివి. గుర్తుండాదా?”

“అది షుగర్‌కు గదా.”

“షుగర్‌కు వేలి కాడ ఒక చుక్క చాలు. నేను చెప్తేనే నీకు గొట్టం నిండా తీసె ఆ కృష్ణమ్మ. యాలని అడిగినావా?”

“కండ్లు మూసుకోనుంటి.”

“పద్నాలుగు.”

“ఏంది పద్నాలుగు?”

“నీ అంకె. సీఆర్పీ గూడా బాగుండాది. డాక్టరుకు ఫోన్ చేస్తి. మంచి గుర్తేనమ్మా, అయినా నెత్తురొక్కటే నమ్మకూడదు, గొంతులోకి గూడా సూస్తా, పిలుచుకోని రా అన్నె.”

“మళ్లా చెప్పు.”

“పద్నాలుగు.”

“ఇంకోసారి చెప్పు మే.”

“సాల్లే, కండ్లు తుడుచుకో. అందరూ సూస్తాండారు.”

“అయితే ఆ అరవై ఎనిమిది…”

“దవడ పన్నుదై ఉంటాది, చీము పట్టినట్లుండాది, పీకి మళ్లా పరీక్ష చేద్దాం అన్నె డాక్టరు. ఆ మాట పాపన్నకు చెప్తే చేలకడ్డం పడి పరిగెత్తుతాడు. అందుకే నీకు తోడు రమ్మని పిలుచుకొస్తి.”

“అక్కా, బస్సొచ్చె! బావా, లెయ్. ధైర్యంగా ఉండు, నేనుండాను గదా.”

“ఆ తుండుగుడ్డ యాలరా బుగ్గకు, పాపన్నా?”

“దుమ్మక్కా, దుమ్ము. నా సంగతి వదులు. బావా, డాక్టరు నోరు తెరవమంటే బాగా తెరువు. మొగోడికి అంత పిరికితనమేంది?”

“ఎక్కు, ఎక్కు. నువ్వు నడుమ కూర్చో.”

“నన్నేల నడుమ పెట్టి అదుముతాండారు? బావా, ఏంది ఆ నవ్వు? ఏమన్నా చెప్పు. ఇంకా గొంతు రాలేదా?”

“సూసుకోండయ్యో, సూసుకోండి! పాపన్న దవడ పన్ను! ఒకటోసారి… రెండోసారి…”