పదకొండో శనివారం

మైదుకూరులో ఎరువుల అంగడి మీది మిద్దె. మంగళవారం పొద్దున ఏడు గంటలు. ఆడవాళ్ళ ఏరోబిక్స్ క్లాసు, రెండో బ్యాచ్.

"ఆపు. ఆ పాట ఆపు ముందు."

"నాలుగు నిమిషాలు పెద్దమ్మా. ఎగిరెగిరి ఒక్కసారిగా నిలబడితే వీళ్ళకు తల తిరుగుతాది. గుండె మెల్లగా దిగాల. చేతులు కిందికి తేండమ్మా... ఊపిరి వదలండి... ఐదు, ఆరు..."

"మిద్దె నాది. ఆపమంటే ఆపాల."

"ఏడు, ఎనిమిది. సరే, ఆపేసినా. పోయిరాండమ్మా అందరూ. రేపు జడ అడుగు, అదే కాలు వెనక కాలు దాటేసేది, ఇంకోసారి చేద్దాం. రత్నమణక్కా, నువ్వు కూడా పో. ఈడ నిలబడి వినాల్సిందేం లేదు."

"ఉండనీలే ఆమెను. ఊరంతా చాటింపేసిందే ఆమె గదా! శనివారం సాయంత్రం పూలూ పండ్లూ ఎత్తుకొని మా ఇంటికొచ్చింది. 'నాగలక్ష్మమ్మొదినా, నీ కోడలు తనూజ క్లాసులో కండ్లు తిరిగి పడింది, కక్కుకుంది, ఇంక నువ్వు అవ్వ కాబోతాండావు' అని. అప్పటినుంచి ఇంటికి జనమే జనం."

"పోయినారు పెద్దమ్మా అందరూ. కూర్చో."

"కూర్చోను. నీ పేరేంది?"

"అంజలి. ఆరు నెల్లుగా నీ మిద్దె మీదనే ఉండా. నా పేరు నీకు తెలుసు."

"ఏ ఊరు?"

"కోసిగి. అదీ తెలుసు."

"కోసిగి నుంచి బెంగళూరికి మట్టి మొయ్యను పోయినోళ్ళు. ఇప్పుడు మా ఆడోళ్ళకు కులుకులు నేర్పిస్తాండారు."

"మట్టి మోసింది మా అమ్మా నాయిన. ఆ బిల్డింగులోనే జిమ్ము పెడితే నేను నేల తుడిచినా. తుడుస్తా తుడుస్తా నేర్చుకున్నా. ఇవి కులుకులు కాదు పెద్దమ్మా. మీ వీధిలోనే అడుగు, ఎంతమందికి షుగరు దిగిందో."

"నా కోడలికి షుగరు లేదు. దాన్నెందుకు ఎగిరించినావు?"

"అక్క మొదటి బ్యాచ్ దాటి మూడు నెల్లయింది. మొదట్లో ఊరికే నడకా, చేతులూ. ఈ రెండో బ్యాచ్‌లో అడుగూ అడుగూ కలపాల, తిరగాల, మోకాలు లేపాల. తనూజక్కకు ఒక్కసారి చూపిస్తే చాలు..."

"ఎట్ల పడింది మరి?"

"మధ్యలో ఆపి మెడ దగ్గర నాడి పట్టిస్తా. పది సెకండ్లు. ఇరవై ఏడు దాటితే ఇంక ఎగరకూడదు. ఆ పొద్దు అక్క ముప్పై మూడు అనింది. చాలక్కా, మెల్లగా నడువు అన్నా. రెండడుగులు నడిచింది, పడింది."

"కడుపుతో ఉండేదాన్ని..."

"కడుపు కాదు పెద్దమ్మా."

"నీకెట్ల తెలుసు?"

"అక్కే చెప్పింది."

"అది అట్లే చెప్తాది."

"ఎందుకట్ల చెప్తాది? పెండ్లయిన ఆరేండ్లకు కడుపొస్తే ఎవరన్నా దాచుకుంటారా?"

"దాచుకోవాల్సిందైతే దాచుకుంటాది."

"అదేం మాట పెద్దమ్మా! చెప్పొద్దనింది అక్క, అయినా చెప్తా. ఆ పొద్దు గొంతులో చుక్క నీళ్ళు లేవు ఆమెకు. నీ మొక్కే గదా అది? బిడ్డ పుట్టాలని పదహారు శనివారాలు, సందెకు దీపం పెట్టేదాకా పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా ఒక్కపొద్దు. ఆ పొద్దు పదకొండోది. నాకు ముందే తెలిసుంటే శనివారం మెట్లెక్కనిచ్చేదాన్ని కాదు. ఉపాసానికి పడింది. పడితే ఊరు కడుపనింది. అంతే."

"మొక్కు జోలికి రావద్దు నువ్వు."

"రాను. ఆమెకు కడుపునిండా అన్నం పెట్టు, అది చాలు."

"నోరు శానా ఉండాదే నీకు. ఈడికి ఎవరెవరొస్తారు?"

"ఆడోళ్ళు. పద్దెనిమిది మంది."

"మగోళ్ళు?"

"మగోళ్ళెందుకొస్తారు? ఆడోళ్ళ క్లాసు."

"ఆ స్పీకరు ఎవడు తెచ్చినాడు?"

"సుధీర్. సౌండు అంగడాయన. నెలకొకసారి వచ్చి బాగుచేసి పోతాడు, అదీ అందరూ పోయినాకే."

"అందరూ పోయినాక. నా కోడలు ఎన్నింటికి పోతాది?"

"అందరితో పాటే..."

"ఏడుంబావుకు ఇల్లు చేరాల్సింది ఏడుమ్ముక్కాలుకొస్తాది. ఆ అరగంట యాడుంటాది?"

"ఈడనే ఉంటాది. నాకు చాపలు మడిచిపెడ్తాది. కిటికీ దగ్గర కొంచేపు కూర్చుంటాది. ఇంటికి పోబుద్ది కాదంటాది."

"ఎవరితో కూర్చుంటాది?"

"నాతో! పెద్దమ్మా, నువ్వేమడుగుతాండావో నీకు తెలుస్తాందా?"

"బాగా తెలుసు. పేరు చెప్పు. ఆ సుధీరా, ఇంకెవడన్నానా? చెప్తే ఈ మిద్దె నీదే, బాడుగ కూడా ఇయ్యొద్దు. చెప్పకుంటే మధ్యాన్నానికి నీ చాపలు రోడ్డు మీదుంటాయి."

"లేని పేరు యాడనుంచి తెచ్చి చెప్పాల? ఊరంతా పండ్లు తెచ్చిపెడ్తాంటే, నువ్వొక్కదానివే పోలీసోళ్ళ మాదిరి వచ్చినావు. మనవడొస్తాడంటే ఎవరన్నా ఇట్ల..."

"ఆమెనెందుకు అడుగుతావత్తా? నన్నడుగు."

"తనూజక్కా! ఎప్పుడొచ్చినావు?"

"సుధీర్ పేరొచ్చినప్పుడు. మెట్ల మీదికి బాగా వినపడ్తాది. అడుగత్తా."

"ఇంటికి నడువు."

"పోతా. అడిగినాక పోతా."

"నా నోరు తెరిపించొద్దు తనూజా."

"తెరిచే ఉండాది గదా. ఇంతసేపు ఈమె దగ్గర తెరిచినావు."

"సరే. ఎవరిది?"

"ఏది?"

"నీ కడుపులోది."

"నా కడుపులో ఏముండాదో ఈ కాగితంలో రాసిచ్చినారు. నిన్న ప్రొద్దుటూరు పోయి చూపించుకున్నా. నువ్వు చదవలేవు, అంజలీ, నువ్వు చదువు."

"రక్తం శానా తక్కువుండాది... ఒంట్లో నీళ్ళు లేక పడిపోయింది... గర్భం లేదు."

"లేదా?"

"లేదు పెద్దమ్మా."

"మళ్ళా చూడు. సరిగ్గా చూడు."

"లేదనే ఉండాది. కింద డాక్టరమ్మ సంతకం కూడా ఉండాది."

"అమ్మయ్య. దేవుడు గట్టోడు. పరువు దక్కింది."

"ఏమన్నావు?"

"ఏం లేదు. నడువు ఇంటికి. జనాలకు ఏదో ఒకటి చెప్పుకుందాం."

"లేదు, ఏమన్నావు? పదకొండు శనివారాలు నా చేత దీపం పెట్టించినావు. ఇప్పుడు కడుపు లేదంటే ఏడ్వాల. నన్ను తిట్టాల. రోజూ తిట్టినట్ల తిట్టు. అమ్మయ్య అంటావేంది?"

"ఊరికే అన్నా. నోరు జారింది."

"జారలే. శనివారం నుంచి చూస్తాండా నిన్ను. వచ్చినోళ్ళు నీ నోట్లో చక్కెర పోస్తాంటే నీ మొగం నల్లగా మాడిపోయింది. దిష్టి తగుల్తాదని భయపడ్తాండావేమో అనుకున్నా. అంత పిచ్చిదాన్ని నేను."

"అక్కా, కూర్చో. కొంచెం నీళ్ళు తాగు."

"వద్దు. అత్తా, బిడ్డలెందుకు లేరని కర్నూలులో చూపించుకుంటే, డాక్టరు చెప్పినప్పుడు రూములో మేమిద్దరమే ఉన్న్యాం. లోపం నాది కాదు, ఆయనది. మందులకు కూడా లొంగదని తేల్చి చెప్పినాడు. బస్సెక్కకముందే నీ కొడుకు నా చెయ్యి పట్టుకొని ఒట్టేయించుకున్నాడు. 'మా అమ్మకు మాత్రం చెప్పొద్దు, చచ్చిపోతాది' అన్నాడు. రెండేండ్లు చెప్పలే నేను. నువ్వు గొడ్రాలన్నా చెప్పలే. నీ చెల్లెలు శ్రీమంతానికి పిలిచి గడప బయట నిలబెట్టినా చెప్పలే. ఉపాసముండమంటే ఉన్న్యా. నువ్వు తట్టుకోలేవని ఉన్న్యా."

"నా కొడుకు నవీన్ గురించి ఈమె ముందర..."

"ఈమె ముందరే. నీకు తెలియకపోతే ఎవరిదని ఎందుకడుగుతావు? నవీన్ పేరు తప్ప ఇంకో పేరు ఎందుకొస్తాది నీ నోట్లోకి?"

"అరవొద్దు. కింద అంగడి తెరిచినారు."

"ఎప్పుడు తెలుసు నీకు?"

"వాడు నా దగ్గర దాస్తాడా? కర్నూలు నుంచి వచ్చిన దినమే నా వొళ్ళో తల పెట్టి ఏడ్చినాడు."

"మరి మొక్కెందుకు? దేవుడు కూడా చెయ్యలేని పనికి నన్నెందుకు ఎండబెట్టినావు?"

"దేవునికోసం ఎవరుండమన్నారే? ఒక్కపొద్దు ఎవరుంటే లోపం వాళ్ళదే అనుకుంటాది ఊరు. అందుకే నిన్నుండమన్నా."