రైలెక్కిన ఎండ్రికాయలు

తప్పంత మా బిడ్డ ప్రజ్ఞదేనా నర్సక్క వదినె? లగ్నం ఖాయం చేసే సాకర్‌పుడకు పిల్లగాని దిక్కోళ్ళు చీర తెస్తరు, కొబ్బరికాయ తెస్తరు, పేడా మిఠాయిలు తెస్తరు. బతికున్న ఎండ్రికాయలు తెస్తరా ఎవరన్నా? తెచ్చింది నువ్వు గాదా?

కూసో. మాజ్రి నుంచి ఇంత ఎండల వచ్చినవు, చాయ్ తాగినంక తిట్టు.

నువ్వు మంచికే తెచ్చినవు, నేను కాదంటనా? 'కాబోయే కోడలు ఎండ్రికాయల నౌకరి చేస్తది, అవంటే పానమేమో' అనుకున్నవు. రైల్వేల ఉన్న మీ తమ్మునితోని సముద్రం దిక్కుకెల్లి బుట్ట తెప్పించినవు. గాడనే దెబ్బ తిన్నం. అది తినే నౌకరి కాదు వదినె, కాపాడే నౌకరి.

ముందుగాల నాకూ సమజ్ కాలె. మా ఆయన లాల్‌పేట్ బాయిల బొగ్గు తీసిండు. ఆయన బిడ్డ పులికాట్ కాడ ఎండ్రికాయలను లెక్క పెడుతుందంటే గల్లీల ఎట్ల చెప్పుకోవాలె? పక్కింటామె 'ముల్గీ కాయ్ కర్తే?' అని, బిడ్డ ఏం చేస్తదని అడిగితే బ్యాంకుల చేస్తదని చెప్పిన.

సముద్రం పక్కన పెద్ద సరస్సట. ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు కలిసిపోయి ఉంటయట. ఇగ రొయ్యలు, ఎండ్రికాయలు ఎన్ని తీర్లో! ఒకదానికి ఒక్క చెయ్యి పెద్దగుంటదట, ఎలక్షన్ల నిలవడ్డోని లెక్క ఊపుతనే ఉంటదట. ఇంకోటి ఎవనిదో గుల్లల దూరి ఉంటదట, కిరాయి లేదు ఏం లేదు.

సముద్రంల కలిసే మొగ ఇసుకతోని పూడుతుందట. వలలేమో సన్నగైనయి. గుడ్లున్న తల్లులను గూడ పట్టి అమ్ముకుంటుండ్రట. 'గిట్లయితే ఏం మిగలయమ్మా' అంటది. పట్టేటోళ్ళ కాడికి పోయి 'గుడ్లున్నదాన్ని ఇడిచిపెట్టుండ్రి' అని బతిమాలుడే దాని పని. గసొంటి పిల్ల ముంగట, ఉంగరాలు మార్చుకున్నరో లేదో, నువ్వు బుట్ట మూత తీసినవు.

నువ్వేమో మసాలా నూరుమన్నవు. అది ఒక్కొక్కదాన్ని తిరగేసి చూసింది. కొన్నిటికి పొట్ట కింద గుడ్లు, కేసరి రవ్వ ముద్ద అంటించినట్టు. పిల్ల మొఖం తెల్లవడ్డది. 'అత్తమ్మా, వీటిని వండొద్దు' అని ఎంత మెల్లగ చెప్పింది? అందరు నవ్విండ్రు. నువ్వు నవ్వినవు. నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు.

'మన ఇరయి నదిల ఇడుద్దాం తియ్యి' అన్న. 'మంచినీళ్ళల్ల వాటి పిల్లలు బతకయమ్మా' అన్నది. నా వంటింట్ల ఉప్పంత బకెట్ల కలిపింది. గోనెపట్ట తడిపింది, గుడ్లున్నయన్ని దాంట్ల సుట్టింది. నువ్వు పెట్టిన పట్టుచీర మీదనే ఆటో ఎక్కి, పులికాట్లనే ఇడిచొస్త అని బల్లార్షా టేషనుకు పోయింది.

ఇగ నీ కొడుకు సంగతి. సతీష్‌ను నేను పొమ్మన్ననా? నువ్వే పంపినవు, పోయి తీస్కరా అని. ఉప్పర్వాహి సిమెంట్ కంపెనీల నెమ్మదస్తుడని పేరున్న పిల్లగాడు. రైలెక్కి నచ్చజెప్తుంటే రైలు కదిలింది. కాగజ్‌నగర్ల దిగుతా అన్నడు. దిగలె. వరంగల్ల పక్కా దిగుతా అన్నడు. దిగిండు. ఉప్పు ప్యాకెట్ కొనుక్కొని మళ్ళ ఎక్కిండు. గోనెపట్ట ఆరిపోతుందట.

ఈడ ఇజ్జత్ పోయిందంటవు. పోయింది, లేదన్ననా? మిగిలిన మగయి వండి మీవోళ్ళకు పెట్టిన. మీ తమ్ముడు ఇజ్జత్ పోయిందనుకుంటనే మూడుసార్లు పెట్టించుకున్నడు.

మొండిదంటవా? మొండిదే. రేపు మీ ఇంట్ల గూడ గిట్లనే చేస్తదా అంటే, చేస్తది. చెయ్యదని చెప్పి నీకు కట్టవెట్టను.

ఏందీ? ఉంగరం వాపస్ ఇస్తవా? ఏడున్నది ఉంగరం? నీ కొడుకు వేలికి. నీ చీరేమో నా బిడ్డ ఒంటిమీద. రెండూ పులికాట్‌ల ఒక్క పడవల ఉన్నయి. ఎవరికి ఏం వాపస్ ఇస్తం వదినె?

అవు, పొద్దుగాల ఫోన్ చేసిండు. నీకు చేసుటానికి భయమట. మొగ కాడికి పోయిండ్రట ఇద్దరు. చానా మటుకు దారిలనే సచ్చినయట. ఒక్కటే మిగిలిందట. కాళ్ళకు కట్టిన దారం కోసి నీళ్ళల్ల ఇడిస్తే కొద్దిసేపు కదల్లేదట. ఆ మీద పక్కకు పక్కకు నడుచుకుంట పోయిందట. గింత మాటనే నీ కొడుకు రెండుసార్లు చెప్పిండు.

ఒక్కదానికోసం గింత లొల్లినా అంటవు. నేనూ గట్లనే అనుకున్న. ఒక్కదానికి లక్షలల్ల గుడ్లుంటయట, దాంట్ల పెద్దగయ్యేటియి ఏవో కొన్నట. అయితయో, చేపలే తింటయో. నాకేం తెలుసు?

పెండ్లి చేస్తవో, వద్దంటవో, నీ ఇష్టం. నేను కాళ్ళు మొక్కను. కానీ ఒకటి చెప్త, మాజ్రిల ఎవరికీ చెప్పకు. ఫోన్ రాంగనే తల్లి ఏమడగాలె? బిడ్డ తిన్నదా, పన్నదా అని అడగాలె. లగ్నం ఏం గావాలె అని మొత్తుకోవాలె. గా ముచ్చట్లు నాకు యాదికే రాలె వదినె. నా నోట్లకెల్లి ముందుగాల వచ్చిన మాట, 'ఎండ్రికాయలు బతికినయా?' అని.