అరవై మూడు పాలసీలకు ఒకే నంబరు

ధర్మారావు ఇల్లాలు మోహిని చెల్లెమ్మకు, పిల్లలకు, తోటపని మానుకుని వచ్చిన ఉద్దానం రైతులకు, వేట మానుకుని వచ్చిన తీరం వాళ్లకు, అందరికీ నమస్కారం. కుర్చీలు చాలలేదు. జీడి బస్తాల మీద కూర్చున్న పెద్దలు ఏమీ అనుకోవద్దు. ఈ పూండిలో ఇంతమంది పట్టే చోటు ఇంకెక్కడా దొరకలేదు. ఈ జీడిపిక్కల షెడ్డు యజమాని ఈ పూట పని ఆపించి మరీ ఇచ్చారు.

తామాడ ధర్మారావు మనల్ని విడిచి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇరవై ఆరేళ్లు ఇన్సూరెన్స్ ఏజెంటుగా పనిచేశాడాయన. నేను నారాయణమూర్తిని, అదే కంపెనీలో ఆయనకన్నా రెండేళ్లు ముందు చేరినవాణ్ణి. మీలో సగం మందికి నేను తెలుసు. మిగతా సగం మంది నన్ను చూడగానే పక్క సందులోకి తిరిగినవాళ్లు. తప్పు లేదు, ఏజెంటు ఎదురొస్తే ఎవరైనా అంతే. కానీ ధర్మారావును చూసి సందు తిరిగినవాళ్లు ఇక్కడ ఒక్కరైనా ఉన్నారా?

అయ్యా, పలాస స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒకప్పుడు పొద్దున్నే పద్నాలుగు మంది ఏజెంట్లం చేరేవాళ్లం. ఒకడు టెక్కలిలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇంకొకడు మూలపేట పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ. అలా రాలిపోయి రాలిపోయి ముగ్గురం మిగిలాం. ఇప్పుడు ఇద్దరం. ఇక ఏజెంట్లెందుకు, ఏఐ వచ్చేసింది కదా అంటున్నారు. వచ్చింది. ఫోనులో ఆడగొంతుతో చక్కటి తెలుగు మాట్లాడుతుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఇంటికొచ్చి టీ తాగి పోదు. నిజం చెప్పాలంటే మాలాగా బోనస్ గురించి అబద్ధాలూ చెప్పదు. నేను చెప్పాను. ఇక్కడే, మీలో కొందరికే చెప్పాను. కాబట్టి నా పని అది లాక్కుపోతే ఏడవడానికి నాకు మొహం లేదు. ధర్మారావు పని కూడా నా పనితో పాటే పోయిందే, అదీ నా ఏడుపు.

వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోట ఉన్న ఒక రైతు, మన పెద్దతల్లమ్మ పెనిమిటి, ఆరోగ్య పాలసీ కావాలని ముందు నా దగ్గరికే వచ్చాడు. రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. ఉద్దానంలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కిడ్నీ మాట ఎత్తని ఇల్లు మనకెక్కడుంది? ఫారంలో కిడ్నీ జబ్బు ఉందా అనే గడిలో ‘లేదు’ అని రాసేద్దాం అన్నాను నేను. ఆయనకు ఎందుకో భయమేసి ధర్మారావు దగ్గరికి వెళ్లాడు. ధర్మారావు ఏమన్నాడో పెద్దతల్లమ్మే నాకు చెప్పింది. “దాయకు మావా. ఈడ దాసింది సావు కాడ బయటపడతాది. అప్పుడు అత్త తరపున సమాదానం సెప్పడానికి నువ్వుండవు.”

ఉన్నది ఉన్నట్టు రాశాడు. కంపెనీ పాలసీ ఇవ్వలేదు. ఆ రైతు ఏడాది పాటు ధర్మారావుతో మాట్లాడలేదు. ఏడాది తర్వాత ఆయనకు డయాలసిస్ మొదలైతే, ఆటో దొరకని రోజున పలాస దాకా బండి మీద తీసుకెళ్లింది ఎవరు? ఆ పాలసీ ఇప్పించలేకపోయిన ఏజెంటే. ఆయన పోయేదాకా తిప్పాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే జబ్బు తనకూ వచ్చింది. తన ఫారం తనే నింపుకున్నాడు, అదే గడిలో ‘ఉంది’ అని రాసుకున్నాడు. తిరస్కరించిన కాగితం టీ కొట్టు దగ్గరికి తెచ్చి మాకు చూపించి నవ్వాడు. “మందికి సెప్పిన రూలు మనకీ ఉంటాది కదేటి, బావా” అన్నాడు.

ఇప్పుడు ఆ నంబరు సంగతి. పుకార్లు నడుస్తున్నాయి కాబట్టి వివరంగా చెబుతాను, వినండి.

సంతబొమ్మాళి తీరంలో మగవాళ్లు ఏడాదికి ఎనిమిది నెలలు గుజరాత్‌లో వేరావలు రేవు బోట్ల మీద ఉంటారు. అక్కడొక సిమ్ము, ఇంటికొస్తే ఇంకొకటి. అప్పట్లో ఆడవాళ్ల చేతిలో ఫోనే లేదు. ఫారంలో ఫోను నంబరు గడి దగ్గర అందరూ ఆగిపోయేవారు. మొదట అడిగినవాడు కృష్ణ. అదిగో, స్తంభం పక్కన కూర్చున్న నాగమణి భర్త. “నా నంబరు నాకే తెల్దు. నీది రాసీ బావా, నీదైతే మారదు” అన్నాడట. ధర్మారావు తన నంబరు రాశాడు. కృష్ణను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. మొత్తం అరవై మూడు పాలసీలు. ప్రీమియం కట్టే గడువు దగ్గర పడితే కంపెనీ కబురు ధర్మారావు ఫోనుకు వచ్చేది. ఆయన బండేసుకుని ఒడ్డుకు వెళ్లి, వలలు బాగు చేసుకుంటున్న ఆడవాళ్లకు చెప్పి వచ్చేవాడు. ఉత్తరాలు పక్కింటి చిరునామాకు రప్పించుకున్నట్టే అనుకున్నాం మనమంతా. అది తప్పని ఎవరికి తోచింది?

కంపెనీకి తోచింది. ఈ జనవరిలో కొత్త కంప్యూటరు పాలసీలన్నీ జల్లెడ పట్టింది. అరవై మూడు మందికి ఒకే నంబరు. పైగా పుట్టిన తేదీ తెలియక ఆధార్‌లో సగం మందికి వేసింది జనవరి ఒకటి. వీళ్లు మనుషులే కాదు, ఏజెంటు సృష్టించిన పేర్లు అని అది తేల్చింది. ధర్మారావు ఏజెన్సీ ఆపేశారు. అంతకు రెండు నెలల ముందే కృష్ణ బోటు మీంచి సముద్రంలో పడి చనిపోయాడు. నాగమణికి రావాల్సిన క్లెయిమూ ఆపేశారు. పోయిన కృష్ణ అసలు ఉన్నాడో లేడో విచారించాలట.

ధర్మారావు ఐదు పేజీల ఉత్తరం చేత్తో రాశాడు. వేరావలు ఎక్కడుందో, మనవాళ్లు ఎప్పుడు వెళ్లి ఎప్పుడొస్తారో, అంతా రాశాడు. ఆ పేజీల ఫొటోలు తీసి ఫోనులో పంపించాం. నిమిషంలో జవాబు వచ్చింది, మీ వివరణ సంతృప్తికరంగా లేదని. ఐదు పేజీలు ఆ కంప్యూటరు నిమిషంలో చదివేస్తుందా అని నన్ను అడిగాడు. చదివేస్తుందన్నాను. “మరి అరదం సేసుకోడానికి ఎంతసేపు పడతాది?” అన్నాడు.

మనిషితో మాట్లాడితే సరిపోతుందని విశాఖ ఆఫీసుకు వెళ్లాడు. అది డయాలసిస్ చేయించుకోవాల్సిన రోజు. చెల్లెమ్మ వద్దన్నా వెళ్లాడు. ఈ విషయం చూసే మనిషి ఇప్పుడు లేడు, ఆన్‌లైన్‌లో పెట్టుకోండి అన్నారట అక్కడ. సాయంత్రం రైలుకు తిరిగొచ్చాడు. నాలుగో రోజున పోయాడు. దాని వల్లే పోయాడని డాక్టరు అనలేదు. నేనూ అనను. కానీ దొంగ అనే పేరు మీదుండగానే పోయాడు. అది నాకు మింగుడు పడటం లేదు.

ఇంకొక మాట ఉంది. ఇది చెప్పడానికే మైకు అడిగి తీసుకున్నాను.

నేనూ పదకొండు పాలసీల్లో నా నంబరు రాశాను. డిసెంబరులో ఆఫీసులో తెలిసినవాడు నా చెవిన వేశాడు, కొత్త కంప్యూటరు వస్తోంది, నంబర్లు మార్చుకో అని. వారంలో మార్చేసుకున్నాను. ఆ రోజు టెక్కలి నుంచి వస్తూ పూండి మీదుగానే వచ్చాను. ధర్మారావు బండి ఇక్కడి టీ కొట్టు ముందు ఉంది. నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ప్రతి ఏడాదీ మంచి ఏజెంటుకిచ్చే బ్రాంచి షీల్డు ఆయనకే వచ్చేది. ఈసారి కాస్త కంగారు పడనీ అనుకున్నాను. కాస్తే అనుకున్నాను. మోహిని చెల్లెమ్మా, ఇది నీకు ఇంట్లో కూర్చుని చెప్పాల్సింది. గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాను.

వచ్చే పద్దెనిమిదిన టెక్కలి ఆఫీసుకు విచారణకు ఒక అధికారి వస్తున్నాడు. మనిషే. అధికారి వస్తున్నాడన్న ఉత్తరం ధర్మారావు పోయిన మూడో రోజున వచ్చింది. ఆ అరవై మూడు ఇళ్లవాళ్లూ ఆధార్ పట్టుకుని రండి. మేమున్నాం, మేమే ఆ నంబరు రాయమన్నాం అని చెప్పండి. మగవాళ్లు వేరావలులో ఉంటే ఆడవాళ్లు రండి. నా పదకొండు సంగతీ రాసి సంతకం పెట్టి తెస్తాను. నా ఏజెన్సీ పోతుంది, పోనీ. గెలుస్తామా? నాకు నమ్మకం తక్కువే. నాగమణికి డబ్బు వస్తుందో రాదో కూడా చెప్పలేను. రేపు మన ఊళ్లలో ఏ కుర్రాడైనా ఈ పనిలో చేరతానంటే చేరమనే ధైర్యం నాకు లేదు. కానీ ఆ రోజు ఆ గది నిండా మనుషులుండాలి.

ఇక లేవండి. బస్తాల మీదున్నవాళ్లకు కాస్త చెయ్యి అందించండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మీ ఫోన్లు ఆపేయండి.

ధర్మారావు ఫోను నా జేబులో ఉంది. చెల్లెమ్మ నాకిచ్చింది. దాన్ని మాత్రం ఆపలేదు. అరవై మూడు పాలసీల కబుర్లు ఇప్పటికీ దానికే వస్తున్నాయి. ఈ రెండు నిమిషాల్లో అది మోగితే ఉలిక్కిపడొద్దు. మనలో ఎవరిదో గడువు దగ్గర పడిందన్నమాట. ఎవరిదో చూసి, ఒడ్డుకు వచ్చి నేను చెబుతాను.