మేనేజరు సారు గీసిన మెట్లు

బత్తలపల్లె చెనక్కాయల మిల్లులో నాతోపాటు పప్పు ఏరిన అక్కలారా, బస్తాలు మోసిన అన్నలారా! ఇంత ఎండలో ఇన్ని ఊళ్ల నుంచి వచ్చారు. ఈ షామియానా గాలికి ఊగుతుంటే ఎవరి మీద పడుతుందోనని నాకు అదొక దిగులు. మన మేనేజరు హనుమంతరాయుడు సారు పోయారన్న మాట ఇంకా నోటికి రావడం లేదు. నాగలక్ష్మమ్మా, మీరు ఆయన ఇల్లాలు, మీ ఎదుట ఈ మాటలు చెప్పడం నాకు కష్టమే. అయినా మాట్లాడాలి.

బెంగళూరులో మేనేజర్లకు చెప్పే పాఠాలు విని వచ్చి, సారు మిల్లు గోడ మీద సుద్దతో మెట్లు గీశారు, గుర్తుందా? అడుగున కడుపు. దాని మీద భయం లేని బతుకు. ఆపైన నా అనే మనుషులు. ఆపైన మర్యాద. అన్నిటికన్నా పైన, మనలో ఉన్న పనితనం బయటికి రావడం. కింది మెట్టు గట్టిపడితేనే మనిషి పై మెట్టు వైపు చూస్తాడని, అప్పుడు అదిలించకుండానే పని చేస్తాడని చెప్పారు. మనం నవ్వుకున్నాం. "మాకు మెట్లెందుకు సార్, కూచునేకి ఒక గోనెపట్ట ఇప్పియ్యండి" అన్నది మారెక్క. ఇప్పించారా, లేదా? గోనెపట్టలే కాదు, తాగేందుకు నీళ్లు పెట్టించారు. చంటిబిడ్డలకు నీడలో ఉయ్యాలలు కట్టించారు. ఒసేయ్, ఏమే అని పిలిచే మేస్త్రీ చేత, పేరు పెట్టి అమ్మా అనిపించారు. అనిపించారా, లేదా?

ఆ ఏటి ఆయుధపూజ మరిచిపోయారా? మిషన్ల ముందు బూడిద గుమ్మడికాయ ఎప్పుడూ మిల్లు సొంతదారు షావుకారే కొట్టేవాడు. ఆసారి సారు దాన్ని మారెక్క చేతిలో పెట్టారు. మారెక్క ఏడ్చింది. మనమంతా ఏడ్చాం. మరునాటి నుంచి పొద్దు వాలినా పని వదిలి ఎవరూ లేవలేదు. మిల్లు మనదే అనుకున్నాం. నాకు మాత్రం భయం. "పైపైకి ఎక్కిస్తాండారు సార్, పడితే ఎవరు పట్టుకుంటారు?" అన్నాను. "చెన్నమ్మా, నీకు భయమే ఒక మెట్టు" అని ఆయన నవ్వారు.

తర్వాత కరువొచ్చింది. చేలల్లో కాయ పట్టలేదు. మిషన్లు రిపేరుకు పోతున్నాయని చెప్పారు. మనమే వాటికి పసుపు కుంకుమ పెట్టాం. మనమే లారీ ఎక్కించాం. మనమే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చల్లగా పోయి రమ్మని చేతులు జోడించాం. అవి తిరిగొచ్చాయా? మిల్లు గేటు మళ్లీ తెరుచుకుందా? ఏటేటా మిషన్లకు మొదటి బొట్టు పెట్టే సారు ఆ రోజు కుంకుమ ముట్టలేదు. మీరెవరైనా చూశారా? నేను చూశాను. ఎందుకా అని దిగులుపడుతూనే ఉన్నాను.

పోయిన నెల ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "నాకు తెలుసు చెన్నమ్మా. షావుకారు మిషన్లు అమ్మేసినాడని నాకు ముందే తెలుసు. చెప్తే మీరు లారీకి అడ్డం పండుకుంటారని చెప్పలేదు. మర్యాద మెట్టు మీద మిమ్మల్ని నిలబెట్టి, కడుపు మెట్టు నేనే పీకేసినా" అన్నారు. నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. వచ్చే ఆయుధపూజ నాడు మిల్లు గేటు ముందు ఈ మాట అందరికీ తానే చెప్తానన్నారు. చెప్పకుండానే పోయారు.

షావుకారు చేసిన మోసానికి నాకు ఇంత నొప్పి లేదు. ఆయన మనల్ని పేరు పెట్టి పిలిచిందెప్పుడు? పిలిచిన మనిషే మోసం చేశాడే, అదీ నొప్పి. నీళ్లు ఇచ్చిందీ సారే, నట్టేట ముంచిందీ సారే. రెండూ నిజమే. నాగలక్ష్మమ్మా, కోపమొస్తే నన్ను తిట్టండి. ఈ మాట మోసుకుని నేను ఇంటికి పోలేను.

అందరూ లేవండి. ఆ రోజు లారీకి జోడించినట్టు చేతులు జోడించొద్దు. చేతులు వదిలేసి ఊరికే నిలబడండి. మన్నించగలిగినవాళ్లు మన్నించండి. నాకింకా చేతకావడం లేదు. అయినా ఆయన కోసం నిలబడతాను. కాసేపు ఎవరూ మాట్లాడకండి.