కాగితం మందమంత జాగ్రత్త

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, చేతిలో ఉలితో, జేబులో సిఫారసు ఉత్తరంతో మన కర్మాగారంలో వడ్రంగిగా చేరిన ఇరవై నాలుగేళ్ల యువకుడు, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున ప్రధాన యంత్ర నిర్వాహకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ ఉత్తరాన్ని విప్పే అవసరమే రాలేదు. ఆయన అక్కడికక్కడే చెక్కి చూపిన కుర్చీ కాలే సిఫారసు చేసింది. దస్త్రాలలో వారి పేరు ఏమున్నా, మనందరికీ వారు కాగితం బాబాయే.

తొలి పదిహేనేళ్లు ఉలితో, బాడిసతో గడిచాయి. రెండు వేల నాలుగులో కంప్యూటరు ఆదేశాలతో చెక్కను చెక్కే సి.ఎన్.సి. రౌటర్ యంత్రం వచ్చినప్పుడు, "ఇక మన చేతులతో పనేముంది!" అని తోటివారు దిగాలుపడితే, వారు చొక్కా చేతులు మడిచి దాని పక్కకు చేరారు. చెక్కను కోసే మొన, అంటే బిట్, ఎంత లోతుకు దిగాలో చెప్పే ముందు, చెక్క పైభాగం ఎక్కడుందో యంత్రానికి చూపాలి కదా. అందుకు చెక్క మీద కాగితం ముక్క పరిచి, బిట్‌ను వెంట్రుకవాసి చొప్పున దించుతూ, కాగితాన్ని వేళ్లతో మెల్లగా లాగుతూ, అది కాస్త పట్టుకోగానే ఆపి, కాగితం మందం మేర తగ్గించి, అదే చెక్క పైభాగమని యంత్రంలో సున్నా పెట్టేవారు. పాత క్యాలెండరు కాగితాలన్నీ వారి చొక్కా జేబులోకే చేరేవి. లోతు సరిపోయిందో లేదో మాత్రం యంత్రం చప్పుడును బట్టి చెవితో తేల్చుకునేవారు.

ఆ చెవే రెండేళ్ల క్రితం మొండికేసింది. గ్రంథాలయపు కుర్చీల పనిలో, మూడు విడతలుగా దిగవలసిన తొమ్మిది మిల్లీమీటర్ల లోతును పొరపాటున ఒకే విడతకు పెట్టారు. యంత్రం మూలుగు షెడ్డు అవతలివారికి సైతం వినిపించింది. పక్కనే నిలుచున్న బాబాయికి మాత్రం వినిపించలేదు. బిట్ విరిగింది. చెక్కలో ముడి తగిలి విరిగిందంటే ఎవరూ కాదనేవారు కారు. నిజం చెబితే ప్రాణప్రదమైన ఆ యంత్రమే చేజారవచ్చు. అయినా వారు నేరుగా మేనేజరు గారి గదికి వెళ్లారు.

"ముడి కాదండీ, నా చెవి. ఏడాదిగా సరిగ్గా వినపడట్లేదు. మెషీన్ మీంచి తీసేస్తారని చెప్పలేదు."

మేనేజరు గారు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "కోపంగానే ఉంది నాకు. చెవి సంగతి డాక్టరు చూస్తాడు. మీకు తెలిసిందంతా మాత్రం మనవాళ్లకి నేర్పి కదలండి" అన్నారు.

ఆనాటి నుంచి, వారి స్థానంలోకి రానున్న మన సహోద్యోగిని అయిన సోదరి యంత్రం దగ్గర నిలబడితే, వారు నోటుబుక్కు పట్టుకుని కూర్చునేవారు.

"ఎలా ఉందమ్మా చప్పుడు?"

"మూలుగుతోంది బాబాయ్!"

"లోతెక్కువైంది. ఒక మిల్లీమీటరు తగ్గించు. ఇప్పుడో?"

"మా నాన్న గురకలా ఉంది."

"హాయిగానా, ఆయాసంగానా?"

"హాయిగానే."

"అయితే పడుకోనీ. ఆ లెక్క చెప్పు, రాసుకుంటా."

ఏ చెక్కకు ఏ బిట్, విడతకు ఎంత లోతు అనేది ఇలా నూట పన్నెండు పుటలకు చేరింది. చెవి యంత్రం పెట్టుకోవడానికి మాత్రం ససేమిరా అన్నారు. "మా ఇంట్లో టీవీ వీధంతా వింటోంది, మీరే చెప్పండి" అని వారి సతీమణి మనతో మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. చివరకు ఆరేళ్ల మనవరాలు అంది: "తాతయ్యా, నీకు రహస్యం చెప్పలేను. గట్టిగా చెబితే అందరికీ తెలిసిపోతుంది." మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లి చెవి యంత్రం పెట్టించుకున్నారు.

మొన్న మంగళవారం మన సోదరి, వారిని అడగకుండానే, మునుపెన్నడూ ముట్టని ఒక కొత్త రకం చెక్కకు లోతు అమర్చారు. వారు కళ్లు మూసుకుని, కొత్త చెవితో విన్నారు. "ఇక నాతో పనిలేదమ్మా నీకు" అన్నారు. ఆ మాట అంటూ అంత సంతోషించిన మనిషిని మనం మరెక్కడా చూడలేదు.

జేబులోని చివరి కాగితం ముక్కను ఆమెకే ఇచ్చి వెళుతున్న మన బాబాయికి భగవంతుడు నిండు నూరేళ్ల ఆయుష్షును, చెక్కుచెదరని ఆరోగ్యాన్ని, సతీమణితో కలిసి తక్కువ శబ్దంలో టీవీ చూసే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఇంతకీ చెవి యంత్రం వచ్చాక మనవరాలు చెప్పిన రహస్యమేమిటని అందరం అడిగాం. వారు నవ్వి, తమకు వినిపించలేదన్నట్టు చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు.