నూనె తాగిన సూక్ష్మజీవులు

మట్టి పరీక్షలు చేసే ల్యాబులో సీసాలు కడిగే మనిషిని మేం సీసాల బాబాయ్ అంటాం. టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఇక ఆయన నోటికి తాళం ఉండదు. ఆ రోజు కొట్టు అక్కయ్య మనవరాలు మందు పూసిన పాదాలు చాపుకుని మెట్టు మీద కూర్చుంది. పాత లారీ షెడ్డు వెనక గ్రౌండులో ఆడి పుండ్లు తెచ్చుకుంది. నెల్లాళ్లుగా దానికి ఆటల్లేవు.

"ఆ గ్రౌండు సంగతే చెప్తున్నా," అన్నాడు బాబాయ్. "ఇరవై ఏళ్లు ఇంజనాయిలు పారబోసి నల్లగా చేశారా, ఆ మట్టిలో నూనె తిని బతికే సూక్ష్మజీవి ఉంటుందని మా ల్యాబు మేడం ఆర్నెల్లు వెతికింది, దొరకలా. నేను నా బూటుకి అంటిన బురద గీకి ఇచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందులోనే ఉంది!"

"బూటులోనా?" అన్నాను. నేను ఎదురు షెడ్డు మెకానిక్కుని.

"నీ బుర్రలో మాత్రం లేదుగా, విను. పొద్దున చెంచాడు నూనె పోస్తే టిఫిన్ వేళకి చుక్క లేదు. మధ్యాహ్నానికి లీటరు. మర్నాడు సీసా మూత తోసుకుని బయటికొచ్చి, మేడం స్కూటర్లో ఆయిలు తాగేసి, తలుపు బందుల గ్రీజు నాకేసి, ఇంకా ఆకలి తీరక వీధి మలుపు దాకా తారురోడ్డు తినేశాయి!"

"ఆ రోడ్డు కాంట్రాక్టరు తిన్నాడనుకున్నామే," అంది అక్కయ్య.

"పాపం, అనవసరంగా ఆయన్ని ఆడిపోసుకున్నారు! నేను చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడి, 'ఏమర్రా, ఇక చాలు, పదండి' అన్నా. కోటానుకోట్లు, తలలొంచుకుని 'అలాగే మావయ్యా' అంటూ వరసగా సీసాలోకి దూరాయి. తీసుకెళ్లి గ్రౌండులో చల్లితే ఒక్క పూటలో ఊడ్చిపారేశాయి. దద్దుర్లు లేవు, దగ్గు లేదు, పని లేక డాక్టరు కుర్చీలో గురక పెడుతున్నాడు. ఇప్పుడా మట్టి మీద అన్నం పెట్టుకు తినొచ్చక్కా!"

అక్కయ్య మొహం విప్పారింది.

"నిజమా తమ్ముడూ? అమ్మడూ, వెళ్లి ఆడుకో! తాతయ్య శుభ్రం చేసేశాడట."

పిల్ల ఒక్క గెంతు గెంతి ఉత్త కాళ్లతో పరిగెత్తింది. బాబాయ్ గ్లాసు ఒలకబోసుకుని లేచి, వీధి మధ్యలో దాని జబ్బ పట్టుకున్నాడు.

"వద్దమ్మా, వద్దు. గ్రౌండుని మళ్లుగా విడదీసి నాలుగింట్లో చల్లాం. ఒక్కదాంట్లోనే పనిచేస్తున్నాయి, అదీ మెల్లగా. ఇంకో ఏడాది పడుతుందంది మేడం."

"మిగతా మూడూ?" అంది అక్కయ్య.

"చల్లబోయే ముందు ఆ మూడింటి సీసాలూ ల్యాబు కుక్కర్లో పెట్టి ఉడకబెట్టేశా. సీసా కనబడితే చాలు, క్రిములు చావాలని ఉడకబెట్టడం ముప్పై ఏళ్ల అలవాటు. చచ్చినవాటిని చల్లి వచ్చామక్కా."

అక్కయ్య మనవరాల్ని ఎత్తుకొచ్చి చెప్పులు తొడిగింది. ఆయన ముందు ఇంకో టీ పెట్టింది. నా నోరే ఊరుకోలేదు.

"మరి అవి నిన్ను మావయ్యా అన్నాయన్నావు?"

"అనేవేరా," అన్నాడు టీ ఊదుకుంటూ, "నేను ఉడకబెట్టకపోతే."